షెడ్డు ఎంపిక మాస్టారిది, లెక్క నాది: ఒక కారు క్లెయిమ్ పూర్తి వివరం

2024 నవంబరులో ఒక సాయంత్రం బొబ్బిలి నుంచి పార్వతీపురం వెళ్తున్న చిన్న పెట్రోలు కారుకు సీతానగరం దాటాక గేదె అడ్డం వచ్చింది. నడుపుతున్నది ఒక హైస్కూలు మాస్టారు. బ్రేకు తొక్కారు గానీ బండి ఆగలేదు. గేదె పడి, లేచి, పొలాల్లోకి వెళ్ళిపోయింది. కారు మాత్రం అక్కడే నిలిచిపోయింది. బంపర్ ఎడమవైపు ఊడి వేలాడుతోంది, బానెట్ మధ్యలో మడత పడింది, ఎడమ హెడ్‌లైట్ పగిలింది, కింద కూలెంట్ మడుగు కట్టింది. మాస్టారికి గానీ, పక్కన కూర్చున్న ఆయన భార్యకు గానీ దెబ్బలు తగల్లేదు.

నేను మోటార్ సర్వేయర్‌ని. యాక్సిడెంట్ అయిన బండిని చూసి, నష్టం ఎంతో లెక్కగట్టి ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు ఇవ్వడం పద్దెనిమిదేళ్లుగా నా వృత్తి. ఫీజు ఇచ్చేది కంపెనీ, లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. రిపోర్టు మాత్రం కంపెనీ కోసమూ రాయకూడదు, బండి యజమాని కోసమూ రాయకూడదు. జరిగిన నష్టం ఎంతో అంతే రాయాలి.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. "షోరూమ్‌కి తీసుకెళ్లకపోతే క్లెయిమ్ రాదంట కదండీ" అనే మాట వారానికి ఒకసారైనా నా చెవిన పడుతుంది. ఆ మాట నమ్మి, ఊళ్లో మంచి పనివాడు ఉన్నా బండిని వంద కిలోమీటర్లు లాగించుకెళ్లి, వారాల తరబడి బస్సుల్లో తిరిగినవాళ్లను చూశాను. మాస్టారు అలా చేయలేదు. తనకు నమ్మకమున్న షెడ్డులోనే చేయించుకున్నారు. అందుకు కొంత ఇబ్బంది పడ్డారు, చివరికి రావలసింది పూర్తిగా రాబట్టుకున్నారు. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల పేర్లు, కంపెనీ పేరు రాయడం లేదు. అంకెలు ఫైల్లో ఉన్నవే.

ఫోన్‌లో చెప్పిన మాట

రోడ్డు పక్క నిలబడే మాస్టారు కంపెనీ నంబరుకు ఫోన్ చేశారు. అది మంచి పని. పాలసీ షరతుల్లో మొదటిదే ప్రమాదం గురించి వెంటనే కంపెనీకి తెలియజేయాలని. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. క్లెయిమ్ నంబరు ఇచ్చింది. ఆ తర్వాత, "సార్, మీకు మా నెట్‌వర్క్ గ్యారేజీ విశాఖపట్నంలో ఉంది. బండి అక్కడికి పంపిస్తే క్యాష్‌లెస్ అవుతుంది. బయట చేయించుకుంటే కంపెనీ బాధ్యత ఉండదు సార్" అంది.

ఇందులో మొదటి మాట నిజం, చివరి మాట నిజం కాదు. కానీ చీకట్లో, దెబ్బతిన్న బండి పక్కన నిలబడి టెన్షన్‌లో ఉన్న మనిషికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. మాస్టారికి అర్థమైంది ఒక్కటే: విశాఖ పంపకపోతే డబ్బు రాదు.

ఆయన తర్వాత ఫోన్ చేసింది ఊళ్లో షెడ్డు నడిపే మేస్త్రికి. ఆ మేస్త్రి ఒకప్పుడు మాస్టారి దగ్గరే ఎనిమిదో తరగతి చదివాడు. విశాఖలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో పదేళ్లు డెంటింగ్ పని చేసి, ఊరికి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. బండి కొన్నప్పటి నుంచి చిన్న పనులన్నీ అతనే చూస్తున్నాడు. "మాస్టారండీ, బండి స్టార్ట్ చేయకండి. కూలెంట్ లేకుండా నడిపితే ఇంజన్ పోతుంది. నేను వచ్చి లాగించుకెళ్తాను" అన్నాడు. ఆ ఒక్క సలహా విలువ చాలామందికి తెలియదు. ప్రమాదం అయ్యాక అలాగే నడిపి ఇంజన్ సీజ్ చేసుకుంటే, ఆ తర్వాతి నష్టం యజమాని నెత్తినే పడుతుందని పాలసీలో స్పష్టంగా ఉంది. ఇలాంటి కేసుల్లో ఇంజన్ పోయి నష్టపోయినవాళ్లు ఎందరో.

రాత్రి తొమ్మిదికి బండి షెడ్డు చేరింది. లాగించిన ఖర్చు 1,800 రూపాయలు.

మర్నాడు కంపెనీ నాకు ఈ సర్వే అప్పగించింది. సొంత బండి నష్టం 50 వేల రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలి. 2024లో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని నియమించాలి, సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. నేను విజయనగరం నుంచి బయల్దేరే ముందు మాస్టారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సర్వేయర్ గారూ, బండి విశాఖ పంపించేయమంటారా?"

నేను చెప్పిన జవాబు ఇది: "అది మీ ఇష్టం. ఎక్కడ చేయించుకున్నా నేను వచ్చి చూస్తాను. కాకపోతే నేను చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి."

పాలసీ కాగితంలో ఏముంది

మన దగ్గర ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీ (ఎదుటివాళ్ల నష్టంతోపాటు సొంత బండి నష్టానికీ వర్తించేది) మాటలు 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ అనే ఉమ్మడి ధరల, షరతుల పుస్తకం నుంచి వచ్చినవి. 2007 నుంచి ప్రీమియం ధరలు కంపెనీల చేతికి వచ్చినా, షరతుల వాక్యాలు చాలావరకు అవే ఉన్నాయి. ఈ కేసుకు అవసరమైనవి అందులో మూడు.

బండి కొంత దెబ్బతిన్నప్పుడు కంపెనీ ఇవ్వాల్సింది మరమ్మతుకు అయిన వాస్తవమైన, సబబైన ఖర్చు, అందులోంచి తరుగు (పాతబడిన బండికి కొత్త పార్టు వేసినందుకు కోసే భాగం) పోగా. నా వృత్తి అంతా ‘వాస్తవమైన’, ‘సబబైన’ అనే ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. నిజంగా ఖర్చయిందా? అయిన ఖర్చు సబబేనా? ఏ గ్యారేజీలో అయిందన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు.

రెండోది, చిన్న మొత్తానికైతే యజమాని తానే మరమ్మతు మొదలుపెట్టుకోవచ్చు. ఆ మొత్తం 500 రూపాయలు! అంతకు మించితే ముందు కంపెనీకి ఎస్టిమేషన్ ఇచ్చి, చూసే అవకాశం కల్పించాలి. అంటే యజమాని హక్కుకు ఒక బాధ్యత కూడా ఉంది. షెడ్డు ఎంచుకోవచ్చు గానీ, చూపించకుండా పని మొదలెట్టకూడదు. షెడ్డుల్లో చేయించుకున్న క్లెయిములు పోవడానికి ఎక్కువ సార్లు ఇదే కారణం. షెడ్డు వల్ల పోవు, చూపించకముందే విప్పేయడం వల్ల పోతాయి.

మూడోది కంపెనీలు తమ వైపు చూపించుకోగల వాక్యం, దాన్ని దాచకూడదు. కంపెనీ తన ఇష్టం మేరకు బండిని తానే బాగుచేయించి ఇవ్వచ్చు, లేదా డబ్బు ఇవ్వచ్చు అని ఉంది. తానే బాగుచేయించే దారి ఎంచుకుంటే ఆ పని బాగోగుల బాధ్యత కూడా కంపెనీ మీదే పడుతుంది. నా పద్దెనిమిదేళ్లలో ఏ కంపెనీ ఆ దారి పట్టగా చూడలేదు. అందరూ డబ్బు దారే పడతారు. డబ్బు దారి పట్టాక ఏ చేత్తో బాగుచేయించుకోవాలో చెప్పే అధికారం పాలసీలో నాకెక్కడా కనబడలేదు.

మరి క్యాష్‌లెస్ ఏమిటి? కంపెనీకీ కొన్ని గ్యారేజీలకూ మధ్య ఉన్న ఒప్పందం. బిల్లులో కంపెనీ వాటా నేరుగా గ్యారేజీకి వెళ్తుంది, తరుగు వగైరా మన వాటా మనం కట్టి బండి తెచ్చుకుంటాం. బయటి షెడ్డులో అయితే మొత్తం మనమే ముందు కట్టి, తర్వాత కంపెనీ దగ్గర తీసుకుంటాం. డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి వెళ్తుందన్నదే తేడా. క్లెయిమ్ వస్తుందా రాదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఆ రాత్రి మాస్టారికి చెప్పాల్సింది ఇదొక్కటే, రెండు వాక్యాల పని.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. నిల్ డెప్ (తరుగు కోయకుండా ఇచ్చేది) లాంటి, అదనపు ప్రీమియంతో తీసుకునే యాడ్-ఆన్‌లకు కొన్ని కంపెనీలు తమ అధీకృత గ్యారేజీలో చేయిస్తేనే వర్తిస్తుందని షరతు పెడతాయి. మాస్టారికి నిల్ డెప్ లేదు కాబట్టి ఆ గొడవ రాలేదు. ఉన్నవాళ్లు ఆ పేజీ చదివాకే నిర్ణయించుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ విషయం తేలిక. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఫలానా షాపులోనే చేయించాలని ఇన్సూరెన్స్ కంపెనీ బలవంతపెట్టకూడదని చట్టంలోనే రాసి ఉంది. మన దగ్గర హక్కును పాలసీ వాక్యాల్లోంచి వెతికి తీసి చూపించుకోవాలి.

షెడ్డులో

నేను వెళ్లేసరికి బండి రేకుల కప్పు కింద, రాత్రి ఎలా దించారో అలాగే ఉంది. ఊడిన బంపర్‌ని తాడుతో కట్టి ఉంచారు, విప్పలేదు. ముందు నాలుగు మూలల నుంచి, తర్వాత నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, మీటరు రీడింగు కనబడేలా ఫొటోలు తీసుకున్నాను. లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ చూశాను. బండి వయసు మూడేళ్ల నాలుగు నెలలు. ఇంజన్ 1500 సీసీ లోపు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు.

తర్వాత మేస్త్రిని బంపర్ తీయమన్నాను.

ఇలాంటి కేసుల్లో నాకు అసలు ప్రశ్న షెడ్డుకు బోర్డు ఉందా, ఏసీ వెయిటింగ్ రూమ్ ఉందా అన్నది కాదు. ఈ దెబ్బను ఈ షెడ్డు సరిగ్గా బాగుచేయగలదా అన్నది. రేకు వంగితే సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) పట్టిన మంచి చెయ్యి చాలు. ఛాసిస్ లెగ్ (బండి ముందు భాగాన్ని మోసే ఉక్కు దూలం) వంగితే చెయ్యి చాలదు, బండిని బిగించి లాగే బెంచ్ కావాలి. ఆ షెడ్డులో బెంచ్ లేదు.

వంగిన రేడియేటర్ సపోర్ట్ విప్పించాక, లెగ్ వంగిందేమో ఐమూలగా కొలిచి చూడటానికి మేస్త్రి స్టీలు టేపు తెచ్చాడు. ఎడమ షాక్ అబ్జార్బర్ టవర్ పైబోల్టు దగ్గర టేపు కొన అతను పట్టుకున్నాడు, కుడి లెగ్ చివర ఉన్న రంధ్రం దగ్గర నేను చదివాను. తర్వాత కుడి టవర్ నుంచి ఎడమ లెగ్‌కి. రెండు కొలతలకూ తేడా రెండు మిల్లీమీటర్లు. మళ్లీ కొలిచాం, అంతే వచ్చింది. అప్రాన్ (చక్రం పైన లోపలి రేకు) మీద వేలు పెట్టి తడిమాను, ఎక్కడా ముడత లేదు. వెల్డింగ్ అతుకుల మీది సీలెంట్ ఎక్కడా పగల్లేదు. డోర్ల సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయి. దెబ్బ లెగ్ దాకా వెళ్లలేదని నాకు నమ్మకం కుదిరింది. ఆ తేడా పదో పన్నెండో వచ్చి ఉంటే మాస్టారితో, "విశాఖ పంపించండి, ఈ పని ఇక్కడ కాదు" అని నేనే చెప్పేవాణ్ణి. ఆ మాట మేస్త్రి ముందే చెప్పాను. అతను తలూపి, "నేనూ అదే చెప్పేవాణ్ణి సార్" అన్నాడు.

రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ దగ్గర ఇంకో సంగతి బయటపడింది. బంపర్ తీసేదాకా అది కనబడదు కాబట్టి మొదటి ఎస్టిమేషన్‌లో లేదు. దాని ఎడమ మూల నొక్కుకుపోయి, అక్కడ నూనె మరక ఉంది. ఏసీ గ్యాస్ కారితే దానితోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది. కానీ ఆ లీకు ఈ ప్రమాదానిదేనా, పాతదా? ఇదే ప్రశ్న కంపెనీ నన్ను అడుగుతుంది. టార్చి వేసి దగ్గరగా చూశాను. వంగిన ఫిన్లు కొత్త అల్యూమినియంలా మెరుస్తున్నాయి, మట్టి పట్టలేదు. వాటి మధ్య నాలుగైదు నల్లటి గేదె వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. దగ్గర నుంచి ఫొటో తీశాను. తర్వాత కండెన్సర్ గురించి ఎవరూ నన్ను ప్రశ్నించలేదు.

రెండు ఎస్టిమేషన్లు

మాస్టారు అడిగి తెప్పించుకున్న విశాఖ సర్వీస్ సెంటర్ ఎస్టిమేషన్ కూడా నా దగ్గరకు వచ్చింది. పోల్చి చూడటం నా పనిలో భాగమే.

షెడ్డులో లెక్క: బానెట్, ఎడమ ఫెండర్, రేడియేటర్ సపోర్ట్, రేడియేటర్, కండెన్సర్ కలిపి మెటల్ పార్టులు 27,000. బంపర్, ఎడమ హెడ్‌లైట్, గ్రిల్, బ్రాకెట్లు వగైరా ప్లాస్టిక్ 12,000. లేబర్ 9,500. నాలుగు ప్యానెళ్ల పెయింటింగ్ 12,000. మొత్తం 60,500 రూపాయలు. కుడి ఫెండర్ సొట్ట తీయడానికి, కుడి హెడ్‌లైట్ విరిగిన చెవి అతకడానికి అయ్యేది లేబర్‌లోనే ఉంది.

విశాఖలో కుడి ఫెండర్, కుడి హెడ్‌లైట్ కూడా కొత్తవే వేస్తామన్నారు. దాంతో పార్టులు 46,800. జీఎస్టీతో లేబర్ 16,520, పెయింటింగ్ 21,240. మొత్తం 84,560.

వాళ్లు మోసం చేశారని నేను అనడం లేదు. పెద్ద సర్వీస్ సెంటర్‌కి అద్దె ఉంటుంది, జీతాలుంటాయి, రేటు కార్డు ఉంటుంది. సొట్ట తీయడానికి అరపూట కూర్చునే మనిషి అక్కడ దొరకడం కష్టం కాబట్టి పార్టు మార్చేస్తారు. కానీ ఈ లెక్క ఒకసారి ఊహించండి. తరుగు, మినహాయింపులు పోయాక విశాఖ ఎస్టిమేషన్‌లో కంపెనీ వాటా దాదాపు 63,700. నెట్‌వర్క్ డిస్కౌంట్ ఉన్నా, సర్వేయర్ కొంత కోసినా, షెడ్డులో అయ్యేదానికి దిగదు. అంటే ఫోన్‌లో ఆ అమ్మాయి పంపమన్న చోట కంపెనీకే ఎక్కువ ఖర్చయ్యేది. మాస్టారి వాటా కూడా నాలుగు వేల దాకా పెరిగేది.

మాస్టారికి ఇంకో భయం ఉంది. బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది, బయట చేయిస్తే అది పోతుందేమోనని. దీని మీద, వ్యాపారాల్లో న్యాయమైన పోటీని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఆర్డరు ఉంది. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని, బయట చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అంటున్నారని 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయటి పని నాసిగా ఉండి, దానివల్లే పాడైన భాగం వరకు వారంటీ నిరాకరించవచ్చు గానీ, బయట చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం రద్దు చేయకూడదన్నది దాని సారం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కాబట్టి నేను మాస్టారికి ఇచ్చిన సలహా ఆర్డరు మీద ఆధారపడింది కాదు: ప్రతి పార్టూ కంపెనీ ఒరిజినల్ కొనండి, అధీకృత డీలర్ దగ్గర మీ పేరు మీద జీఎస్టీ బిల్లుతో కొనండి. ఆ బిల్లు వారంటీకీ పనికొస్తుంది, క్లెయిమ్‌కీ పనికొస్తుంది. ఆయన విజయనగరం వెళ్లి అలాగే కొన్నారు, బ్యాంకు ఖాతా నుంచే కట్టారు.

పన్నెండు రోజుల్లో పని పూర్తయింది. నేను మళ్లీ వెళ్లి చూశాను. తీసేసిన పాత పార్టులన్నీ మేస్త్రి ఒక మూల పేర్చి ఉంచాడు. అవి లేకపోతే "నిజంగా మార్చారా" అన్న ప్రశ్న వస్తుంది. కొత్త పార్టుల మీది లేబుళ్లకూ బిల్లులకూ సరిచూసుకున్నాను. బానెట్ సందు రెండు వైపులా సమానంగా ఉంది. పెయింట్ షేడ్ ఎండలో చూస్తే ఫెండర్‌కీ డోర్‌కీ కొద్ది తేడా ఉంది. మేస్త్రికి చెబితే అతను వాదించలేదు, డోర్ అంచుదాకా మళ్లీ కలిపి కొట్టాడు.

రిపోర్టులో లెక్క

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మీ క్లెయిమ్‌లో ఎంత వస్తుందో మీరే వేసుకోవచ్చు.

మెటల్ పార్టులకు తరుగు బండి వయసును బట్టి. ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి వయసుతో పని లేకుండా సగం. అద్దాలకు తరుగు లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదు అనుకుని, అందులో సగం కోస్తారు. లేబర్‌కు కోత లేదు.

మాస్టారి బండి నాలుగో ఏట ఉంది కాబట్టి మెటల్ 27,000లో 25 శాతం పోగా 20,250. ప్లాస్టిక్ 12,000లో సగం 6,000. లేబర్ 9,500 పూర్తిగా. పెయింటింగ్ 12,000లో రంగు వాటా 3,000, అందులో సగం 1,500 పోగా 10,500. మొత్తం 46,250. ఇందులోంచి ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000 (1500 సీసీ దాటిన బండికైతే 2,000), పాత పార్టుల తుక్కు విలువ 1,250 తీసేస్తే 44,000. బండి లాగించినందుకు పాలసీలో పరిమితి 1,500 కాబట్టి 1,800లో అంతవరకే. నేను రిపోర్టులో రాసిన మొత్తం 45,500 రూపాయలు.

కంపెనీ కోసిన 12,625

రిపోర్టు అందిన 7 రోజుల్లో తేలాల్సింది 19 రోజులు పట్టింది. మాస్టారి ఖాతాలో 32,875 పడ్డాయి. ఎందుకు తగ్గిందని ఆయన మెయిల్ పెడితే రెండు కారణాలు వచ్చాయి. నెట్‌వర్క్ గ్యారేజీలో పార్టుల మీద తమకు 10 శాతం డిస్కౌంట్ వచ్చేది కాబట్టి 2,625 తగ్గించారు. లేబర్, పెయింటింగ్ బిల్లులో జీఎస్టీ లేదు కాబట్టి సగమే ఒప్పుకుని 10,000 తగ్గించారు. అదే మెయిల్‌లో, ఇది తుది పరిష్కారమని ఒప్పుకుంటూ జవాబు పంపమన్నారు.

చట్టం ప్రకారం సర్వేయర్ చెప్పినదానికి భిన్నమైన మొత్తానికి క్లెయిమ్ తేల్చే వీలు కంపెనీకి ఉంది. ఇన్సూరెన్స్ చట్టం 64యూఎం సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. సర్వేయర్ రిపోర్టు చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ఒక లారీ కేసులో చెప్పింది కూడా. నా లెక్క తప్పని చూపిస్తే నేను ఒప్పుకుంటాను. కానీ నా రిపోర్టును పక్కన పెట్టాలంటే కారణం ఉండాలి, ఆ కారణం పాలసీలోంచో బండిలోంచో రావాలి. ఇక్కడ రెండూ అలా రాలేదు.

డిస్కౌంట్ సంగతి చూడండి. మాస్టారు ఎమ్మార్పీకి కొన్నారు, అది ఆయనకు వాస్తవంగా అయిన ఖర్చు. కంపెనీకీ ఇంకో గ్యారేజీకీ మధ్య ఉన్న బేరం ఆయనకు తెలియదు, ఆ ధరకు ఆయనకు ఎవరూ అమ్మరు. రాని డిస్కౌంట్‌ని ఆయన జేబులోంచి కోయడమంటే, షెడ్డు ఎంచుకున్నందుకు జరిమానా వేయడమే. నాకు ఈ కేసు మొత్తంలో బాధ కలిగించింది ఈ చిన్న కోతే. మొత్తం తక్కువ, కానీ ఒకసారి దీన్ని ఒప్పుకుంటే ఊళ్లల్లో షెడ్డులకు వెళ్లే ప్రతివాడికీ ఇదే కోత పడుతుంది.

జీఎస్టీ సంగతి ఇంకా విచిత్రం. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే షెడ్డు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాడు పన్ను పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదని జీఎస్టీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ బిల్లులో జీఎస్టీ లేకపోవడమే చట్టబద్ధం. ఉండి ఉంటే బిల్లు ఇంకో 3,870 రూపాయలు పెరిగి, ఆ భారం చాలావరకు కంపెనీ మీదే పడేది. బిల్లుకు నంబరు ఉంది, తేదీ ఉంది, బండి నంబరు ఉంది, ఏ పనికి ఎంతో విడివిడిగా ఉంది, చెల్లింపు ఫోన్ ద్వారా జరిగిన రుజువు ఉంది. కంపెనీ నన్ను వివరణ అడిగినప్పుడు ఇదంతా ఒక పేజీలో రాసి పంపాను. అంతకు మించి నేను చేయకూడదు. వాదించడం యజమాని పని.

మాస్టారు ఆ పని పద్ధతిగా చేశారు. తుది పరిష్కారం మెయిల్‌కు, "డబ్బు తీసుకుంటున్నాను, కోతకు ఒప్పుకోవడం లేదు" అని జవాబు రాశారు. నిజానికి డిశ్చార్జ్ వోచర్ (డబ్బు ముట్టింది, క్లెయిమ్ తీరింది అనే రసీదు) మీద సంతకం పెట్టినంత మాత్రాన మిగతా మొత్తం కోసం పోరాడే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, అయినా అభ్యంతరం రాసి పెట్టడం మంచిది. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకున్నారు. అడిగితే కంపెనీ ఇవ్వాల్సిందే. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రెండు పేజీల ఉత్తరం రాశారు. అదే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టారు. పోర్టల్ వాడటం రానివాళ్లు 155255కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు.

రెండు వారాల్లో 10,000 వెనక్కి వచ్చింది. 2,625 మాత్రం తమ విధానం ప్రకారం సరైనదే అన్నారు.

"ఇక వదిలేద్దామా?" అని ఇంట్లో అడిగారట. మాస్టారు వదల్లేదు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందకే వస్తాయి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ముందు కంపెనీకి రాసి ఉండాలి, వాళ్లు ఒప్పుకోకపోయినా, నెల దాటినా పలక్కపోయినా వెళ్లవచ్చు, ఆ జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. అక్కడిచ్చే అవార్డుకు కంపెనీ కట్టుబడాలి, మనకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. మాస్టారు ఫిర్యాదులో రాసిన ముఖ్యమైన వాక్యం ఒకటే: "ఈ 10 శాతం కోత పాలసీలో ఏ షరతు కింద చేశారో చూపించమని కోరుతున్నాను."

అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి కంపెనీకి నోటీసు వెళ్లింది. విచారణ తేదీ రాకముందే 2,625 రూపాయలు మాస్టారి ఖాతాలో పడ్డాయి. షరతు ఏదో చూపించలేదు, వివరణా ఇవ్వలేదు. బ్యాంకు మెసేజ్‌ని ఆయన నాకు ఫార్వర్డ్ చేశారు, కింద "మొత్తం 45,500, లెక్క సరిపోయింది" అని రాశారు.

షెడ్డు మేస్త్రి ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, ఎస్టిమేషన్ ఎలా రాయాలో ఒక నమూనా ఇమ్మని అడిగాడు. పంపించాను. మొన్న వేరే బండి చూడటానికి వెళ్తే గోడకు ఒక అట్టముక్క తగిలించి ఉంది. దాని మీద చేత్తో రాసి ఉంది: "ఇన్సూరెన్స్ బండి ఫొటో తీసి, సర్వేయర్ గారు చూశాకే విప్పబడును. పాత సామాన్లు అడిగి తీసుకోండి."